నెలల తరబడి విదేశీ మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నారా? సామాన్లు, టాయిలెట్రీలు సర్దుకునే సమగ్ర మార్గదర్శి

పరిచర్య కోసం వేరే దేశంలో నెలల తరబడి ఉండబోయేవాళ్ళు సామాన్లు సర్దేముందు అందరినీ అడిగే ప్రశ్న ఒకటే, "ఏమేం తీసుకెళ్ళాలి?" అని. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఏ వస్తువు ఎన్ని రోజులకి సరిపడా తీసుకెళ్ళాలి అనేది. ఆరు నెలలు ఉంటాం కదా అని ఆరు నెలల సబ్బులు, షాంపూలు, పేస్టులు పెట్టెలో కుక్కేస్తే బరువంతా వాటికే అయిపోతుంది, తీరా అక్కడ దొరకని మందులకీ, రెండో కళ్ళజోడుకీ, దోమతెరకీ చోటు మిగలదు. మనుషులు ఉన్న ప్రతిచోటా సబ్బు దొరుకుతుంది. మీరు రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర మాత్రం దొరక్కపోవచ్చు, దొరికినా మీ మోతాదులో ఉండకపోవచ్చు. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుని సర్దితే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

మీరు వెళ్తున్నది సేవ చేయడానికి. వెళ్ళిన మూడో రోజున ఒంట్లో బాగోక పడుకుంటే, మిమ్మల్ని పిలిచినవాళ్ళే తమ పని మానుకుని మిమ్మల్ని చూసుకోవాల్సి వస్తుంది. అందుకే సర్దడాన్ని చివరి రాత్రి పనిగా వదిలేయకుండా, కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టమని నా సలహా. టీకాలకీ, డాక్టర్ ఉత్తరాలకీ, అనుమతులకీ ఆ టైమ్ నిజంగా కావాలి.

మొదటి అడుగు: ఆహ్వానించినవాళ్ళని అడగండి, కానీ సరైన ప్రశ్నలు అడగండి

"అక్కడ అన్నీ దొరుకుతాయా?" అని అడిగితే "దొరుకుతాయి" అనే అంటారు, అతిథిని ఇబ్బంది పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి. అలా కాకుండా విడివిడిగా అడగండి. రోజుకి కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది? స్నానానికి నీళ్ళు పంపు నుంచా, బకెట్‌తోనా? తాగే నీళ్ళు ఎక్కడి నుంచి? బట్టలు ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఆరేస్తారు? పడుకునేచోట దోమతెర ఉందా, దాన్ని కట్టడానికి కొక్కెం ఉందా? దగ్గరి మందుల షాపు ఎంత దూరం? ప్రార్థనకి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎలాంటి బట్టలు వేసుకుంటారు? మీరు ఉండే నెలల్లో వానలా, చలా, ఎండా?

అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న వేరే ప్రాంతపు సేవకులు ఎవరైనా ఉంటే వాళ్ళని ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మీరు ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకుంటారు?" ఏ లిస్టులోనూ కనపడని సంగతులు దీనికి జవాబుగా వస్తాయి.

రెండో అడుగు: మూడు కుప్పలు

ఇంట్లో నేల మీద చోటు చేసుకుని మూడు కుప్పలు వేయండి.

మొదటి కుప్ప పూర్తి కాలానికి, ఉన్నన్నాళ్ళూ సరిపడాలి. డాక్టర్ రాసిచ్చిన మందులు, కళ్ళజోడు, కాంటాక్ట్ లెన్సులు, మీకు అలవాటైన బహిష్టు సామగ్రి, చర్మానికి పడే ప్రత్యేకమైన సబ్బో క్రీమో ఏదైనా ఉంటే అది, మీ పాదానికి సరిపోయే గట్టి బూట్లు. రెండో కుప్ప ఒక నెలకి మాత్రమే, టూత్‌పేస్ట్, సబ్బు, షాంపూ, షేవింగ్ సామాను, బట్టల సబ్బు వగైరా. నెలలోపు మీకు బజారు తెలుస్తుంది, అక్కడివాళ్ళు ఏం వాడుతున్నారో తెలుస్తుంది, వాళ్ళ దగ్గరే కొనుక్కుంటారు. మూడో కుప్ప మొదటి 48 గంటలకి. చెక్-ఇన్ పెట్టె రాకపోయినా చేతి బ్యాగుతో రెండు రోజులు బతికేలా ఉండాలి.

ఈ మూడింటిలో ఎందులోనూ పడని వస్తువు ఏదైనా కనపడితే దాన్ని ఇంట్లోనే వదిలేయండి. "ఎందుకైనా మంచిది" అనిపించే వస్తువులే పెట్టెని ముంచేస్తాయి.

మూడో అడుగు: బ్యాగులు, బరువు

చాలా అంతర్జాతీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌కి ఒక్కో పెట్టె 23 కిలోలు, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు అనేది మామూలు లెక్క. ఎక్స్‌ట్రా కట్టినా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే చాలాచోట్ల తీసుకోరు, ఎందుకంటే దాన్ని ఎత్తేది మనుషులు. చేతి బ్యాగు చాలా సంస్థల్లో 7 కిలోలు, కొన్నిటిలో ఎక్కువ. మీ టికెట్ మీద ఏం రాసి ఉందో అదే చూడండి. రెండు వేర్వేరు సంస్థల విమానాలు మారుతుంటే, తక్కువ అనుమతి ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ప్రయాణంలో ఆఖరి అంచె చిన్న విమానంలో అయితే కథ పూర్తిగా మారిపోతుంది. మారుమూల ప్రాంతాలకి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ లాంటి సంస్థలు నడిపే చిన్న విమానాల్లో సామాన్లతో పాటు మనిషిని కూడా తూకం వేస్తారు, గట్టి సూట్‌కేసులు వాటిలో సరిగా పట్టవు. అలాంటి ప్రయాణం ఉంటే మెత్తటి డఫెల్ బ్యాగే మేలు. గతుకుల రోడ్డు మీద, జీపు పైకప్పు మీద, పడవలో అయినా సరే, చక్రాల పెట్టె కన్నా వీపుకి తగిలించుకునే బ్యాగే పనికొస్తుంది. బ్యాగు లోపల ఒక మందపాటి వాటర్‌ప్రూఫ్ సంచి వేసి అందులో సర్దండి, బ్యాగు మీద "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉన్నా వానలో జిప్పుల్లోంచి నీళ్ళు దిగుతాయి.

లగేజీ తూచే చిన్న కాటా ఒకటి పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో కూడా అది కావాలి.

నాలుగో అడుగు: టాయిలెట్రీలు

ఎక్కువ బరువు, ఎక్కువ కారిపోవడాలు, ఎక్కువ అనవసరపు కొనుగోళ్ళు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ముందు మీ వాడకం తెలుసుకోండి. ప్రయాణానికి రెండు నెలల ముందు, కొత్త పేస్టు, కొత్త షాంపూ తెరిచిన రోజున దాని మీద మార్కర్‌తో తేదీ రాయండి. అయిపోయిన రోజు చూస్తే మీ లెక్క తెలిసిపోతుంది. బ్రష్ చేసిన ప్రతిసారీ సుమారు ఒక గ్రాము పేస్టు వాడతారనుకుంటే, రోజుకి రెండుసార్ల చొప్పున 100 గ్రాముల ట్యూబు 50 రోజులు వస్తుంది. అంటే నెల కుప్పకి ఒక్క ట్యూబు చాలు, రెండోది అక్కర్లేదు. టూత్‌బ్రష్‌ని మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి కాబట్టి ఆరు నెలలకి రెండు.

తర్వాత, ద్రవాలని గట్టి రూపంలోకి మార్చండి. బాడీవాష్ బదులు సబ్బు, షాంపూ సీసా బదులు షాంపూ బార్, రోల్-ఆన్ బదులు గట్టి స్టిక్ డియోడరెంట్. ఇవి కారవు, చేతి బ్యాగులో ద్రవాల లెక్కలోకి రావు, బరువు తక్కువ, ఎక్కువకాలం వస్తాయి. 2006 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం చేతి బ్యాగులో ఒక్కో ద్రవం 100 మిల్లీలీటర్లలోపు సీసాలో ఉండాలి, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే, మూసి తెరిచే పారదర్శక కవర్‌లో పెట్టాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం, లెక్కించేది సీసా పరిమాణాన్ని గానీ లోపల ఉన్నదాన్ని కాదు. 200 మిల్లీలీటర్ల ట్యూబులో అడుగున కొంచెమే ఉన్నా తీసేస్తారు. పేస్టు, జెల్, క్రీమ్, లోషన్ కూడా ద్రవాలే. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాల్లో ఈ నిబంధన సడలించారు, కానీ మధ్యలో విమానం మారేచోట పాత నిబంధనే ఉండొచ్చు, కాబట్టి 100 లెక్కకే సర్దుకోండి.

పౌడర్ సంగతి కూడా గుర్తుంచుకోండి. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే విమానాల్లో చేతి బ్యాగులో 350 మిల్లీలీటర్లకి మించిన టాల్కం పౌడర్ లాంటివి ఇబ్బంది తెస్తాయి. పెద్ద డబ్బాని చెక్-ఇన్‌లో వేసేయండి. చెక్-ఇన్‌లో వేసే స్ప్రే డబ్బాలు, పెర్ఫ్యూమ్, ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ లాంటివి ఒక్కోటి అర లీటరు, అన్నీ కలిపి మనిషికి రెండు లీటర్లు మించకూడదు. మూతలు బిగుతుగా ఉండాలి, నొక్కితే బయటికి వచ్చే నాజిల్ మీద క్యాప్ ఉండాలి.

సీసాలు ఎందుకు కారతాయంటే, విమానం పైకి వెళ్ళాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతకి పడిపోతుంది. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి ద్రవాన్ని బయటికి తోస్తుంది. అందుకే మెత్తటి సీసాని నొక్కి లోపలి గాలి తీసేసి మూత పెట్టండి, మూత కింద చిన్న ప్లాస్టిక్ కవర్ ముక్క వేసి బిగించండి, తర్వాత విడి జిప్‌లాక్ కవర్‌లో నిలబెట్టండి. సబ్బుని మాత్రం తడిగా మూసిపెట్టకండి, ముద్దైపోతుంది. అడుగున చిల్లులున్న డబ్బా తీసుకోండి.

బహిష్టు సామగ్రి విషయంలో మొహమాటం వద్దు, గ్రూప్ లీడర్ మగాయన అయినా సరే, ఈ లైన్ లిస్టులో ఉండి తీరాలి. ప్యాడ్లు చాలాచోట్ల దొరుకుతాయి గానీ మీకు అలవాటైన రకం దొరుకుతుందని చెప్పలేం, టాంపాన్లు చాలాచోట్ల అసలు ఉండవు. బహిష్టు కప్పు (మెన్‌స్ట్రువల్ కప్) వాడేవాళ్ళకి బరువు బాగా తగ్గుతుంది, కానీ కడగడానికి శుభ్రమైన నీళ్ళు, మరిగించడానికి గిన్నె ఉండాలి. కొత్తగా మొదలుపెట్టాలనుకుంటే వెళ్ళేముందే రెండు మూడు నెలలు అలవాటు చేసుకోండి, అక్కడికెళ్ళి మొదలుపెట్టొద్దు. వాడేసిన ప్యాడ్లు పారేసే ఏర్పాటు లేని ఊళ్ళు ఉంటాయి, వాటికి నల్ల కవర్లు కొన్ని పెట్టుకోండి.

షేవింగ్‌కి మార్చే బ్లేడ్ వాడేవాళ్ళు ఆ బ్లేడులని చెక్-ఇన్‌లోనే పెట్టాలి. కార్ట్రిడ్జ్ రేజర్లని సాధారణంగా చేతి బ్యాగులో కూడా ఒప్పుకుంటారు.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకి ఒక గట్టి మాట. లెన్సుని ఎప్పుడూ కుళాయి నీళ్ళతో కడగొద్దు, అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల చూపే పోయే ప్రమాదం ఉంది. దుమ్ము, నీటి కొరత ఉన్నచోట కళ్ళజోడు పెట్టుకోవడమే మంచిది. రెండు జతలు, వాటితో పాటు పవర్ రాసిన చీటీ కూడా తీసుకెళ్ళండి.

శానిటైజర్‌లో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. అయినా సబ్బు దొరికితే సబ్బే వాడండి, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. త్వరగా ఆరే పలచటి తువ్వాలు ఒకటి, నెయిల్ కట్టర్, దువ్వెన, పెదాలకి బామ్, అట్టగొట్టం తీసేసి నొక్కిన టాయిలెట్ పేపర్ రోల్ ఒకటి. స్నానాల గదిలోకి రబ్బరు చెప్పులు తప్పనిసరి, వాటిని వదిలేసి మిగతావి ఎన్ని తీసుకెళ్ళినా పాదాల వేళ్ళ మధ్య ఫంగస్ వచ్చే ప్రమాదం ఉంది.

ఐదో అడుగు: మందులు

ఈ ఒక్క కుప్పలో మాత్రం పొదుపు చూడకండి. ఉండే రోజులకి సరిపడా, దాని మీద ఇంకో రెండు వారాలకి అదనంగా తీసుకోండి. తిరుగు విమానం వాయిదా పడొచ్చు. అన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి. కుటుంబ సభ్యులో టీమ్‌లో నమ్మకమైనవాళ్ళో తోడు ఉన్నా మందులు మీ దగ్గరే ఉండాలి, ఎందుకంటే చీటీ మీద ఉన్నది మీ పేరు.

మాత్రల్ని స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో కలిపేయకండి. ఒరిజినల్ ప్యాకింగ్‌లోనే ఉంచండి, డాక్టర్ చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు రాయించండి, బ్రాండ్ పేర్లు దేశానికో రకంగా ఉంటాయి. ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద, జబ్బు, మందు, మోతాదు ఉన్న ఉత్తరం తీసుకోండి. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మందుల్ని యూఏఈలో నియంత్రిత మందులుగా చూస్తారు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి రానివ్వరు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మందులు, ఏకాగ్రత లోపానికి వాడే ఏడీహెచ్‌డీ మందులు చాలా దేశాల్లో ముందస్తు అనుమతి అడుగుతాయి, చాలాచోట్ల 30 రోజుల మోతాదుకే ఒప్పుకుంటారు. విమానం మారే దేశం చట్టం కూడా వర్తించొచ్చు, ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్ కూడా చూడండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని చెక్-ఇన్‌లో వేయకండి, సామాన్ల అరలో చలికి గడ్డకడితే పనికిరాదు. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి, వాడుతున్నది చాలా రకాల్లో గది ఉష్ణోగ్రతలో సుమారు 28 రోజులు ఆగుతుంది. కరెంటు లేనిచోటికి, నీళ్ళలో నానబెడితే ఆవిరితో చల్లబడే సంచులు దొరుకుతాయి, అవి బాగా ఉపయోగం.

మలేరియా ఉన్న ప్రాంతమైతే నివారణ మాత్ర ఏది అన్నది డాక్టర్‌తోనే తేల్చుకోండి, కానీ ఎన్ని సర్దాలో లెక్క తప్పకండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు. ఆ చివరి వారాల మాత్రలు కూడా ముందే లెక్కలో ఉండాలి. డాక్సీసైక్లిన్ వేసుకునేవాళ్ళకి ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది, సన్‌స్క్రీన్ ఒకటి ఎక్కువ పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైన దేశమైతే, టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి పాత పసుపు కార్డు ఉంటే వెతికి పాస్‌పోర్ట్‌తో పెట్టుకోండి.

ఇక చిన్న మందుల పెట్టె. పారాసెటమాల్, అలర్జీకి సెటిరిజిన్, లోపెరమైడ్, దురదకి 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమ్, ఫంగస్‌కి క్లోట్రిమజోల్ క్రీమ్, గాయాలు శుభ్రం చేయడానికి పోవిడోన్ అయోడిన్, గాయం మీద వేసే పలచటి గాజ్ గుడ్డ, బ్యాండేజీలు, ట్వీజర్స్, డిజిటల్ థర్మామీటర్, ఇంకా ఓఆర్ఎస్. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ని జ్వరం ఉన్నప్పుడు గానీ రక్తం పడుతున్నప్పుడు గానీ వేసుకోవద్దు. ఓఆర్ఎస్ మాత్రం ధారాళంగా తీసుకోండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములే, ఒక లీటరు నీళ్ళలో కలపాలి. మీ కోసమే కాదు, పక్కింటి పసివాడికీ అది ప్రాణం నిలబెట్టొచ్చు.

ఆరో అడుగు: దోమ, ఎండ, నీళ్ళు

దోమల మందులో డీట్ అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉంటే మామూలుగా సరిపోతుంది, 50 శాతం దాటాక రక్షణ సమయం పెద్దగా పెరగదు. డీట్ ప్లాస్టిక్‌నీ సింథటిక్ బట్టనీ పాడుచేస్తుంది, కళ్ళజోడు ఫ్రేముకి, వాచీకి, ఫోన్ కవర్‌కి తగలనివ్వకండి. ఆ ఇబ్బంది వద్దనుకుంటే 20 శాతం పికారిడిన్ ఉన్న దోమల మందు ఉంది. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల మందు, ఈ వరసలోనే రాయాలి. రెండూ కలిపి ఒకే ట్యూబులో వచ్చేవి నేను సిఫారసు చేయను, సన్‌స్క్రీన్‌ని రెండు గంటలకోసారి రాయాలి, దోమల మందు అంత తరచుగా అక్కర్లేదు. బట్టలకీ దోమతెరకీ 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుల మందు స్ప్రే చేసి పూర్తిగా ఆరబెట్టి సర్దండి, కొన్ని ఉతుకుల దాకా నిలుస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే ఆ పని దానికి దూరంగా చేయండి, తడిగా ఉన్న పెర్మెత్రిన్ పిల్లులకి విషం.

దోమతెరతో పాటు సన్నటి తాడు, కొన్ని కొక్కేలు, చిరుగులు కుట్టుకోవడానికి సూది దారం పెట్టుకోండి. తెర ఉండి వేలాడదీయడానికి ఏమీ లేక మూలన పడేసినవాళ్ళు చాలామంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 అయితే యూవీబీ కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. కాబట్టి నంబర్ కన్నా ఎంత రాస్తున్నాం అన్నదే ముఖ్యం. ఒళ్ళంతా ఒకసారి రాయడానికి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. దీన్ని నెలలకి లెక్కేస్తే మోయలేనంత అవుతుంది, అందుకే పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ పెట్టుకుని మొహానికీ చేతులకీ మాత్రమే క్రీమ్ వాడేలా ప్లాన్ చేసుకోండి. హవాయి, పలావు లాంటిచోట్ల ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ల మీద నిషేధం ఉంది, పగడపు దిబ్బల కోసం.

నీళ్ళకి ఒక్క పద్ధతిని నమ్ముకోవద్దు. కళపెళా ఒక నిమిషం మరిగిస్తే చాలు, 2,000 మీటర్లకి మించిన ఎత్తులో మూడు నిమిషాలు. బోలు నారల ఫిల్టర్లు (0.1 లేదా 0.2 మైక్రాన్లవి) బ్యాక్టీరియానీ ప్రోటోజోవానీ ఆపుతాయి, వైరస్‌లని ఆపలేవు. క్లోరిన్ బిళ్ళలు వైరస్‌లని చంపుతాయి గానీ విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని చంపలేవు. అందుకే ఫిల్టర్ చేసి బిళ్ళ వేయడం మంచి జోడీ. ఫిల్టర్ ఒకసారి తడిసాక గడ్డకట్టే చలిలో వదలకండి, లోపలి గొట్టాలు పగిలినా బయటికి కనపడదు.

ఏడో అడుగు: బట్టలు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వారానికి సరిపడా పెట్టుకుని ఉతుక్కోండి. త్వరగా ఆరేవి, ఒకదానికొకటి కలిసే రంగులు, భుజాలూ మోకాళ్ళూ కప్పేవి. ప్రార్థనకీ పెద్దల్ని కలవడానికీ ఒక మంచి జత. జీన్స్ ఒకటికి మించి వద్దు, తడిస్తే బరువు, రోజంతా ఆరదు. మిలిటరీ మచ్చల బట్టలు అసలు వద్దు, జింబాబ్వే, జాంబియా, జమైకా, బార్బడోస్ లాంటి దేశాల్లో పౌరులు వేసుకోవడం నేరం.

ఆఫ్రికాలో సహారాకి దక్షిణాన ఉండబోతుంటే ఒక జాగ్రత్త. అక్కడ టుంబు ఈగ ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది, లార్వా చర్మంలోకి దూరి కురుపులా తేలుతుంది. బట్టలు ఇంట్లోపల ఆరేయాలి, లేదా లోదుస్తులతో సహా అన్నిటినీ బాగా వేడిగా ఇస్త్రీ చేయాలి. అందుకే దండెం తాడు, క్లిప్పులు మీ లిస్టులో ఉండాలి.

ఎనిమిదో అడుగు: కరెంటు సామాను

ఛార్జర్ మీద "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ప్లగ్ అడాప్టర్ ఒక్కటి చాలు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె లాంటివి మాత్రం ఒకే వోల్టేజ్‌కి చేసినవి చాలా ఉంటాయి, అవి 120 వోల్టుల దేశం నుంచి 230 వోల్టుల దేశానికి పోతే కాలిపోతాయి. బ్రిటన్, కెన్యా, ఉగాండా, మలేషియాల్లో జి టైప్ ప్లగ్, యూరప్‌లో చాలాచోట్ల సి టైప్, పాపువా న్యూగినీలో ఐ టైప్. అడాప్టర్‌తో పాటు ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే టీమ్ అందరూ ఒకే ప్లగ్‌లో పెట్టుకోవచ్చు.

పవర్ బ్యాంక్‌లు, విడి లిథియం బ్యాటరీలు చేతి బ్యాగులోనే, చెక్-ఇన్‌లో నిషేధం. 100 వాట్-అవర్ల దాకా అడగక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన తీసుకెళ్ళలేరు. లెక్క సులువు, పవర్ బ్యాంక్ మీద రాసి ఉన్న ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. అయితే ఎన్ని తీసుకెళ్ళొచ్చు, విమానంలో వాడొచ్చా అన్నది సంస్థని బట్టి మారుతోంది, బయల్దేరే వారంలో ఒకసారి చూసుకోండి. తలకి కట్టుకునే టార్చ్ మాత్రం మర్చిపోకండి, రాత్రి బయటి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

తొమ్మిదో అడుగు: పంచడానికి తీసుకెళ్ళేవి

మంచి మనసుతో పెట్టుకున్నవే కస్టమ్స్ దగ్గర ఎక్కువ చిక్కు తెస్తాయి. మెడికల్ క్యాంపు కోసం పెట్టె నిండా మందులు తీసుకెళ్తుంటే ఆ దేశ ఆరోగ్య శాఖ అనుమతి, డాక్టర్ సంతకం ఉన్న జాబితా ముందే ఉండాలి. విరాళంగా ఇచ్చే మందులకి చేరే రోజుకి కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తాయి. ఇళ్ళలో మిగిలిపోయిన మాత్రలు పోగుచేసి తీసుకెళ్ళడం సేవ కాదు, అక్కడివాళ్ళకి అది పారేయాల్సిన చెత్త అవుతుంది. మత గ్రంథాలు, కరపత్రాల మీద ఆంక్షలున్న దేశాలున్నాయి, అక్కడి సంఘం ఏం చెప్తే అదే చేయండి, మీ ధైర్యానికి మూల్యం చెల్లించేది వాళ్ళు. డ్రోన్లు, శాటిలైట్ ఫోన్లు, వాకీటాకీలు అనుమతి లేకుండా వద్దు. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, బట్ట సంచులే వాడండి. ఎవరైనా "ఈ ప్యాకెట్ అక్కడ ఇవ్వండి" అంటే తెరిచి చూడకుండా తీసుకోకండి, ఎంత తెలిసినవాళ్ళైనా సరే.

పదో అడుగు: సర్దే రోజు

బయల్దేరడానికి వారం ముందు ఒకసారి పూర్తిగా సర్ది, బ్యాగులన్నీ మోస్తూ పదిహేను నిమిషాలు నడవండి, మెట్లెక్కండి. మోయలేకపోతే తగ్గించాల్సింది ఇప్పుడే. బరువైనవి చక్రాల వైపు, వీపు బ్యాగైతే వెన్నుకి ఆనుకునేలా పెట్టండి, బూట్ల లోపల సాక్సులు కుక్కండి. టీమ్‌గా వెళ్తుంటే మీ బట్టల్లో ఒక జత పక్కవాళ్ళ పెట్టెలో, వాళ్ళది మీ పెట్టెలో పెట్టుకోండి. ఒక పెట్టె రాకపోయినా ఎవరికీ పూర్తిగా ఇబ్బంది ఉండదు. తేమ ఎక్కువున్న చోటికి సిలికా జెల్ ప్యాకెట్లు కొన్ని వేయండి.

పాస్‌పోర్ట్ గడువు ప్రయాణం తర్వాత ఆరు నెలలైనా ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. పాస్‌పోర్ట్, వీసా, టీకా కార్డు, డాక్టర్ ఉత్తరం, ఇన్సూరెన్స్ కాపీలు రెండు సెట్లు తీయించి ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లో ఉంచండి. మూసేముందు పెట్టె లోపలి సామాన్లనీ, బయటి పెట్టెనీ ఫోటో తీయండి. పెట్టె లోపల కూడా పేరు, ఫోన్ నంబర్, చేరే ఊరి చిరునామా ఉన్న కాగితం పెట్టండి, బయటి ట్యాగ్ ఊడిపోతే అదే దిక్కు.

దిగాక పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటి బయటికి రాకముందే ఆ విమాన సంస్థ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు రాయించి నంబర్ తీసుకోండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకి 7 రోజుల్లోపు, ఆలస్యంగా వచ్చిన సామానుకి అది చేతికి వచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలి. ఈలోపు కొనుక్కున్న సబ్బు, బట్టల రసీదులు దాచండి, వాటి డబ్బు అడగొచ్చు. ఫిర్యాదులో మీరు ఉండే మారుమూల ఊరి పేరు ఒక్కటే రాస్తే పెట్టె చేరడం కష్టం, పట్నంలో మీ తరఫున తీసుకోగలిగిన మనిషి పేరు, ఫోన్ నంబర్ రాయండి. ఆ మనిషి ఎవరో ప్రయాణానికి ముందే మాట్లాడి పెట్టుకోండి.